సార్ బగ్ అంటున్నారు, కణాలేమో గుమిగూడుతున్నాయి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక సిమ్యులేషన్ రాశాను. చదునైన పెట్టెలో 5,000 గుండ్రటి కణాలు. ప్రతి కణం తనంతట తాను, ఎటు చూస్తుంటే అటు పోతుంటుంది. చూసే దిక్కు మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంటుంది. కణాల మధ్య ఆకర్షణ లేదు, తగిలితే నెట్టుకోవడమే. పెట్టెలో 60 శాతం చోటు కణాలదే. వ్యాసం 1, వేగం 30, దిక్కు తిరిగే రేటు 1 తీసుకున్నాను. రన్ చేస్తే కాసేపటికి కణాలన్నీ ఒకచోట పెద్ద గడ్డలా పోగవుతున్నాయి, మిగతా పెట్టె చాలావరకు ఖాళీ. మా గైడ్ సార్ చూసి “నెట్టుకునే కణాలు గుమిగూడటం ఏమిటమ్మా? ఫోర్స్ దగ్గర గుర్తు తప్పు పెట్టుంటావు, చూసుకో” అన్నారు. నెల రోజులుగా చూస్తున్నా తప్పు దొరకలేదు. ఇలా జరుగుతుందని చెప్పే పేపర్లు కనిపించాయి కానీ, వాటిలో పెక్లే సంఖ్య (కణం సొంత నడక ఎంత బలమైనదో చెప్పే అంకె) 40 దాటాలంటున్నారు, నాకు 30కే వస్తోంది. అంటే నాది బగ్గేనా? వైవా ఆరు వారాల్లో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. టాపిక్ మార్చేయమంటారా? సార్‌కి ఎదురు చెప్పడం నా వల్ల కాదు. ఇంట్లో నాన్నగారేమో “పక్షుల గుంపుల లెక్కలకి ఉద్యోగం ఎవరిస్తారు?” అంటున్నారు.
(పేరు వేయవద్దు, విజయనగరం జిల్లా)

జవాబు: అమ్మా, ముందు టాపిక్ మార్చే ఆలోచన మానుకో. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు, ‘మీరు’ అని పిలవడం రాదు, ఏమీ అనుకోకు. నువ్వు రాసిన అంకెల్ని బట్టి చూస్తే నీకు కనిపిస్తున్నది బగ్ కాకపోవచ్చు. అలాగని మీ సార్‌కి తెలియదనీ అనను. ఆయన అనుమానం న్యాయమైనదే. ఆ అనుమానాన్ని తీర్చే పని మాత్రం నీది.

ఆయన అన్నది పుస్తకాల్లో ఉన్న మాటే. సొంత ఇంజన్ లేని మామూలు కణాలు, అంటే వేడికి అటూ ఇటూ కదలడం తప్ప ఏమీ చేతకానివి, కేవలం నెట్టుకునేవైతే పలచటి వాయువు, చిక్కటి ద్రవం అని రెండుగా విడిపోవు. ఆవిరి నీరు కావాలంటే అణువుల మధ్య ఎంతో కొంత ఆకర్షణ ఉండాలి. గట్టి బిళ్లల్ని 70 శాతం దాటేలా ఇరుకుగా కుక్కితే అవి వరసలు కట్టే మాట నిజమే. 60 శాతం దగ్గర మాత్రం ఖాళీ చోటు వదిలేసి ఒక మూలకి చేరవలసిన అవసరం వాటికి లేదు. మా తరమంతా స్టాటిస్టికల్ మెకానిక్స్, అంటే లెక్కలేనన్ని కణాల శాస్త్రం, నేర్చుకున్నది ఇలాగే. శక్తి ఎంత, ఎంట్రోపీ అనే చెల్లాచెదురుతనం ఎంత అని లెక్క వేసి కణాలు ఎక్కడుంటాయో చెప్పేస్తాం. దానికి ఉన్న షరతు ఒకటే, వ్యవస్థ సమతాస్థితిలో, అంటే ఎక్కడా శక్తి ఖర్చవకుండా కుదురుకున్న స్థితిలో, ఉండాలి.

నీ కణాలు సమతాస్థితిలో లేవు. ప్రతి కణం క్షణక్షణం ఇంధనం ఖర్చు పెట్టి నడుస్తోంది. నీ వీడియోని వెనక్కి తిప్పి నడిపి చూడు, కణాలన్నీ వీపు వైపుకి నడుస్తూ కనిపిస్తాయి, చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. మామూలు కణాల వీడియో అయితే ముందుకు నడుస్తోందో వెనక్కి నడుస్తోందో ఎంత తెలివైనవాళ్లూ చెప్పలేరు. ఆ తేడాతోనే సార్ వాడిన లెక్క ఇక్కడ చెల్లకుండా పోతుంది.

మరి ఆకర్షణ లేకుండా ఎందుకు పోగవుతున్నాయి? మా ఇంటి సందు వెడల్పు ఆటోన్నర. పొద్దున్న స్కూళ్ల వేళకి ఇటునుంచి ఒక ఆటో, అటునుంచి ఒక ఆటో వచ్చి ముక్కుకి ముక్కు ఆనించి ఆగుతాయి. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమేమీ లేదు, నిజానికి తిట్టుకుంటూనే ఉంటారు. అయినా కదలరు, ఎందుకంటే ఇద్దరి ఇంజన్లూ ముందుకే తోస్తున్నాయి. ఎవరో ఒకరు బండి తిప్పుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. ఆ లోపు వెనక నుంచి మూడో ఆటో వచ్చి ఆనుకుంటుంది, దాని వెనక స్కూటరు, దాని వెనక పాల వ్యాన్. ఇక మొదటివాడు తిప్పుకుందామన్నా చోటు లేదు. నీ పెట్టెలో జరిగేదీ అదే. ఎదురెదురుగా వచ్చిన రెండు కణాలు ఢీకొని ఆగుతాయి. విడిపోవాలంటే ఏదో ఒకటి దిక్కు మార్చుకోవాలి. నీ లెక్కలో దిక్కు తిరిగే రేటు 1, అంటే దానికి ఒక యూనిట్ కాలం పట్టాలి. వేగం 30 కాబట్టి ఆ కాలంలో అడ్డం లేని కణం తన వ్యాసానికి 30 రెట్ల దూరం పోగలదు. 60 శాతం నిండిన పెట్టెలో వ్యాసమంత దూరం పోకముందే ఎవరో ఒకరు తగులుతారు. తిప్పుకునే లోపు డజన్లకొద్దీ వచ్చి మీద పడితే ఆ ఇద్దరూ లోపలే చిక్కుకుపోతారు.

దీన్ని ఇంకాస్త శుభ్రంగా చెప్పవచ్చు. సొంతంగా నడిచేవి ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ పోగవుతాయి. వేగం సగమైన చోట గుంపు రెట్టింపు. నీ కణాలకి ఇంకో గుణం కూడా ఉంది, గుంపు ఎక్కువైన చోట ఒకదానికొకటి అడ్డుపడి నెమ్మదిస్తాయి. నెమ్మదిస్తే పోగవుతాయి, పోగైతే ఇంకా నెమ్మదిస్తాయి. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆగదు. ఇందులో మొదటి సగం మామూలు కణాలకి వర్తించదని గమనించావా? పెట్టెలో ఒక పక్క ద్రవం చింతపండు గుజ్జులా చిక్కగా ఉందనుకో, అక్కడ మామూలు కణం నెమ్మదిగా కదులుతుంది కానీ, ఉష్ణోగ్రత అంతటా ఒకటే అయితే అక్కడ ఎక్కువ పోగవదు. నెమ్మదిగా లోపలికి పోతుంది, అంతే నెమ్మదిగా బయటికి వస్తుంది. మీ సార్‌తో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు, ఆయనే మిగతాది అల్లుకుంటారు.

2008లో జూలియన్ టైయర్, మైకేల్ కేట్స్ అనే శాస్త్రవేత్తలు ఈ వాదాన్ని బ్యాక్టీరియాల లాంటి కణాల కోసం రాశారు. మన పేగుల్లో ఉండే ‘ఈ.కోలై’ అనే బ్యాక్టీరియా సెకనుకి 20 మైక్రాన్ల చొప్పున ఒక సెకను సూటిగా ఈది, సెకనులో పదో వంతు సేపు గిరగిరా దొర్లి, కొత్త దిక్కు పట్టుకుంటుంది. అలాంటివి గుంపులో నెమ్మదించేట్టయితే ఆకర్షణ లేకుండానే చిక్కటి భాగం, పలచటి భాగం విడిపోతాయని లెక్క తేలింది. 2012లో ఫిలీ, మార్చెట్టీ సరిగ్గా నీలాంటి సిమ్యులేషన్‌లోనే, నెట్టుకునే బిళ్లలతో, దాన్ని చూపించారు. పేపర్లలో మిప్స్ (నడక వల్లే దశలు విడిపోవడం) అని కనిపిస్తుందే, అది ఇదే.

ఇక నీ 30 సంగతి. ఇది చదివి కాస్త నవ్వుకున్నాను, ఎందుకంటే ఈ గోతిలో పడనివాళ్లు తక్కువ. పెక్లే సంఖ్యని అందరూ ఒకేలా రాయరు. నువ్వు వేగాన్ని వ్యాసంతోనూ దిక్కు తిరిగే రేటుతోనూ భాగించావు, 30 వచ్చింది. కొందరు వేగాన్ని వ్యాసంతో గుణించి, కణం మామూలుగా అటూ ఇటూ వ్యాపించే గుణకంతో భాగిస్తారు. ద్రవంలో ఉన్న గోళానికి దిక్కు తిరిగే రేటు, ఆ గుణకానికి 3 రెట్లని వ్యాసం వర్గంతో భాగించినంత. ఆ 3 ఇక్కడ కూర్చుంటుంది. నీ 30 వాళ్ల భాషలో 90. వాళ్ల 40 నీ భాషలో 13 చిల్లర. 2018లో వచ్చిన ఒక జాగ్రత్తైన లెక్క ఈ విడిపోవడం మొదలయ్యే చోటుని వాళ్ల భాషలోనే 40 దగ్గర, 60 శాతం సాంద్రత దగ్గర పెట్టింది. నువ్వు దానికి చాలా పైన ఉన్నావు. ఏ పేపర్ చదివినా ముందు ఆ సంఖ్యని ఎలా నిర్వచించారో చూసి, నోట్సులో మొదటి పేజీలోనే రాసుకో.

అయినా సరే, నా మాట పట్టుకుని సార్ దగ్గరికి పరిగెత్తకు. నెట్టుకునే కణాలు గుమిగూడితే నూటికి తొంభైసార్లు అది బగ్గే. కొన్ని పరీక్షలు చెప్తాను, అన్నిటికంటే ముందు ఇంజన్ ఆపి చూడు. గడ్డ కట్టిన స్థితిని సేవ్ చేసుకుని, అక్కడి నుంచి వేగాన్ని సున్నా చేసి నడుపు. గడ్డ కరిగి పెట్టె అంతా పరుచుకోవాలి. ఇక్కడొక చిక్కుంది. చాలామంది సిమ్యులేషన్ తేలికవ్వాలని కణం అటూ ఇటూ వణికే వేడి భాగాన్ని తీసేసి, దిక్కు తిరగడం ఒక్కటే ఉంచుతారు. నువ్వూ అలా చేసి ఉంటే ఇంజన్ ఆపగానే కణాలు రాళ్లలా కూర్చుంటాయి, కరగవు, నువ్వు అయ్యో బగ్ అనుకుంటావు. ఆ వణుకు వేసి చూడు. లేదంటే వేగాన్ని 30 దగ్గరే ఉంచి, దిక్కు తిరిగే రేటుని 1 నుంచి 100కి పెంచు. అప్పుడు ఇంజన్ ఉన్నా లేనట్టే, కణం ఎటూ నిలకడగా పోలేదు. గడ్డ కరగాలి.

వణుకు వేశాక కూడా కరగలేదనుకో, ఎక్కడో ఆకర్షణ దాక్కుని ఉంది. అది సాధారణంగా ఎక్కడ దాక్కుంటుందో చెప్తాను. అణువుల మధ్య బలానికి లెనార్డ్-జోన్స్ అనే సూత్రం వాడే కోడ్‌లు ఎక్కడ చూసినా బలాన్ని 2.5 వ్యాసాల దూరంలో కత్తిరిస్తాయి. ఎవరిదో కోడ్ తెచ్చుకున్నప్పుడు ఆ 2.5 కూడా దాంతోపాటే ఇంట్లోకి వచ్చేస్తుంది. లెనార్డ్-జోన్స్‌లో 1.12 వ్యాసాల లోపలైతేనే నెట్టుకోవడం, అది దాటితే లాక్కోవడమే. నువ్వు 1.12 దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే 2కి ఆరో మూలం దగ్గర, కత్తిరించాలి. నెల రోజులు నువ్వు ప్లస్, మైనస్ గుర్తుల కోసమే వెతికి ఉంటావు. ఈసారి ఆ ఒక్క అంకె చూడు.

రెండో అనుమానం దిక్కు తిరిగే చోట. నీ టైమ్ స్టెప్, అంటే సిమ్యులేషన్ ఒక్కో అడుగులో ముందుకి జరిపే కాలం, 0.0001 అనుకుందాం. దిక్కుని కదిపే రాండమ్ తోపుని టైమ్ స్టెప్ వర్గమూలంతో గుణించాలి, అంటే 0.01తో. పొరపాటున వర్గమూలం మరిచి 0.0001తోనే గుణిస్తే తోపు 100 రెట్లు చిన్నదవుతుంది, దిక్కు తిరిగే రేటు 10,000 రెట్లు పడిపోతుంది. నువ్వు రేటు 1 అనుకుంటావు, కణాలకేమో అది 0.0001. అవి జీవితాంతం ఒకే దిక్కుకి పోతాయి, గడ్డ కట్టక ఏం చేస్తాయి? అన్ని గ్రాఫ్‌లూ నునుపుగా వస్తాయి, ఎక్కడా ఎర్రర్ రాదు, అదే దీని దుర్మార్గం. పట్టుకోవడం మాత్రం తేలిక. పెట్టెలో ఒక్క కణాన్ని మాత్రం వదులు. మొదటి దిక్కుకీ ఇప్పటి దిక్కుకీ మధ్య కోణం కొసైన్‌ని చాలాసార్లు నడిపి సగటు తీయి. కాలం 1 అయ్యేసరికి అది 0.37కి దిగాలి. 0.37 వస్తే ఆ భాగం మీద నిశ్చింతగా ఉండు. 0.99 దగ్గరే వేలాడుతుంటే దొంగ దొరికినట్టే. రాండమ్ అంకెలు సున్నా చుట్టూ రెండు వైపులా సమానంగా పడుతున్నాయో లేదో కూడా చూడు. 0 నుంచి 1 దాకా వచ్చేవాటిని అలాగే వాడేసిన కుర్రాడొకడు కణాలన్నీ ఒకే వైపు గిరగిరా తిరుగుతున్నాయని, కొత్త విషయం కనిపెట్టానని నా దగ్గరికి వచ్చాడు.

టైమ్ స్టెప్ సగం చేసి నడిపితే జవాబు మారకూడదు, ఇది అందరూ చెప్పేదే. వేగం పెంచుతూ పోతే లోపలి కణాలు ఒకదానిలోకి ఒకటి కుక్కుకుపోతాయి, మెత్తని బంతుల్లా. అప్పుడు నువ్వనుకున్న 60 శాతం 60 కాదు. అందుకే పెక్లే సంఖ్య మార్చాల్సి వస్తే వేగం ముట్టుకోకు, దిక్కు తిరిగే రేటు తగ్గించు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇంకోటి ఉంది. సాంద్రతని 50, 55, 60, 65 శాతాలు పెట్టి నాలుగుసార్లు నడుపు. ఒక్కోసారి గడ్డ లోపల సాంద్రత ఎంత, బయట ఎంత అని కొలువు. ఇది నిజంగా దశలు విడిపోవడమే అయితే ఆ రెండు అంకెలూ నాలుగుసార్లూ దాదాపు ఒకటే రావాలి, గడ్డ సైజు మాత్రం పెరగాలి. మూత పెట్టిన గిన్నెలో నీళ్లు ఎక్కువ పోస్తే నీళ్ల మట్టం పెరుగుతుంది కానీ నీళ్ల చిక్కదనం మారదు కదా, అలా. బగ్గులకి ఇంత క్రమశిక్షణ ఉండదు. కణాల్ని మొదట చెల్లాచెదురుగా పెట్టి ఒకసారి, ముందే గడ్డగా పెట్టి ఒకసారి మొదలుపెట్టినా చివరికి ఒకే చోటికి రావాలి.

పెట్టె సైజు కూడా మార్చు. దీని వెనక ఒక కథ ఉంది, అందులోనే మీ నాన్నగారి పక్షులూ వస్తాయి. 1995లో హంగేరీకి చెందిన టమాష్ విచెక్, ఇంకో నలుగురూ కలిసి ఒక చిన్న నమూనా రాశారు. ప్రతి కణం ఒకే వేగంతో నడుస్తుంది, తన చుట్టూ కొంత దూరంలో ఉన్నవాళ్లు సగటున ఎటు పోతున్నారో చూసి తనూ అటు తిరుగుతుంది, కాస్త పొరపాటు పడుతుంది. అంతే. పొరపాటు తగ్గిస్తూ పోతే, లేదా గుంపు పెంచుతూ పోతే, ఒక చోట అందరూ ఒకే దిక్కు పడతారు. నాయకుడు లేడు, ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. అదే ఏడాది జాన్ టోనర్, యూహై టూ దీనికి సిద్ధాంతం కట్టారు. చదునైన తలం మీద కదలకుండా కూర్చున్న అయస్కాంత ముల్లులకి, ఎంత కాస్త వేడి ఉన్నా, దూరదూరాల దాకా ఒకే దిక్కు పట్టే భాగ్యం లేదని పాత సిద్ధాంతం ఒకటి ఉంది. నడిచేవాటికి మాత్రం ఉంది, ఎందుకంటే నడిచేవాడు ఎప్పుడూ అదే పొరుగువాళ్లతో ఉండడు, వార్త మోసుకుపోతాడు. విచెక్, టోనర్, టూ ముగ్గురికీ 2020లో ఆన్‌సాగర్ బహుమతి అనే భౌతికశాస్త్ర పురస్కారం ఇచ్చారు.

కథలో నీకు కావలసిన భాగం ఇప్పుడొస్తుంది. విచెక్ బృందం ఈ మార్పు మెల్లగా, తెంపు లేకుండా జరుగుతుందనుకుంది. 2004లో గ్రెగ్వార్, షాతే ఇంకా పెద్ద పెట్టెలు తీసుకుని చూస్తే అది ఒక్క గెంతులో జరుగుతోంది, గుంపు పట్టీలు పట్టీలుగా కట్టి ఊరేగింపులా సాగుతోంది. చిన్న పెట్టెలో ఆ పట్టీలకి చోటే లేదు. దాని మీద కొన్నేళ్లు వాదనలు నడిచాయి. కాబట్టి నీ 5,000తో పాటు 20,000 కణాలతో కనీసం ఒక్కసారైనా నడుపు. కాలేజీ కంప్యూటర్ మొరాయిస్తే రాత్రి వదిలేసి వెళ్లు.

నీ కణాలు పక్కవాడి దిక్కు చూడవు. విచెక్ కణాలు దిక్కు చూస్తాయి కానీ ఒకదాన్నొకటి నెట్టుకోవు. రెండిటినీ సామూహిక చలనం అనే ఒకే గంపలో వేస్తారు కానీ రోగం వేరు, మందు వేరు. వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగేది ఇదే అయ్యుంటుంది. మిడతల దండు విచెక్ వైపుకి దగ్గర. 2006లో రెక్కలు రాని ఎడారి మిడత పిల్లల్ని గుండ్రటి బాటలో వదిలి చూశారు. తక్కువ ఉంటే ఎవడి దారి వాడిది, గుంపు చదరపు మీటరుకి 74 దాకా పెరిగేసరికి అన్నీ ఒకే వైపు కవాతు పట్టాయి. అయితే వాటిని వెనక నుంచి తోసేది పొరుగు మీద ప్రేమ కాదు. వెనకవాడు కొరికి తింటాడనే భయం కూడా అందులో ఉందని తర్వాత తేలింది. 2020లో దండు మహారాష్ట్ర దాకా వచ్చి ఆదిలాబాద్ వైపు అప్రమత్తం చేసిన రోజుల్లో నాకు ఈ ప్రయోగమే గుర్తొచ్చింది. రోమ్ నగరం మీద సాయంత్రాలు ఎగిరే గోరింక జాతి పిట్టల్ని ఫొటోలు తీసి కొలిచినవాళ్లు 2008లో ఇంకో సంగతి చెప్పారు. ప్రతి పిట్టా ఎంత దూరంలో ఉన్నవాళ్లని చూస్తోందన్నది ముఖ్యం కాదు, దగ్గరి ఆరేడుగురిని చూస్తుంది, అంతే.

ప్రయోగశాలలో నీ కణాల్లాంటివి ఉన్నాయా అని సార్ అడుగుతారు. ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ గోళానికి ఒక సగం ప్లాటినం పూత పూసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేస్తే, పూత ఉన్న వైపు రసాయన చర్య జరిగి గోళం నడుస్తుంది. 2013లో జెరెమీ పలాచీ బృందం నీలి కాంతి పడితే నడిచే కణాలు చేసింది. దీపం వేస్తే గుమిగూడి స్ఫటికాల్లా వరసలు కట్టేవి, ఆర్పేస్తే చెదిరిపోయేవి. నేను నిన్ను చేయమన్న ఇంజన్ ఆపే పరీక్షని వాళ్లు స్విచ్చుతో చేశారన్నమాట. కాకపోతే అలాంటి కణాల మధ్య రసాయనాల వల్ల పుట్టే ఆకర్షణ కూడా ఉంటుంది, అచ్చంగా నెట్టుకోవడమే అనలేం. ఇది నువ్వే ముందు చెప్పేయి, ఎగ్జామినర్ అడిగేదాకా ఉంచకు.

మన దేశంలో ఈ పని ఎప్పటి నుంచో ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో విజయ్ నారాయణ్, శ్రీరామ్ రామస్వామి, అమెరికాలోని నారాయణన్ మీనన్ కలిసి 2007లో ఒక ప్రయోగం వేశారు. రాగి తీగ ముక్కల్ని, అయిదు మిల్లీమీటర్ల లోపువి, ఆమ్లంలో అరగదీసి అప్పడాల కర్ర ఆకారానికి తెచ్చి, పళ్లెంలో పోసి కిందనుంచి అదిలించారు. పళ్లెంలో ఒక చిన్న చదరం గీసి అందులో ఎన్ని ముక్కలున్నాయో పదేపదే లెక్కపెడితే, మామూలు పదార్థంలో సగటు 100 ఉన్నచోట ఓ 10 అటూ ఇటూ ఊగాలి. ఇక్కడ అంతకు చాలా ఎక్కువ ఊగింది, చదరం పెద్దది చేసేకొద్దీ తేడా ఇంకా పెరిగింది. మరుసటి ఏడాది వేరే బృందం, గుండ్రటి గోళాలతో చేసినా ఇలాంటి ఊగిసలాట వస్తోంది, అది తీగ ముక్కల గొప్ప కాదేమో అని, ఆ ప్రయోగం అచ్చయిన పత్రికలోనే అడిగింది. వీళ్లు జవాబిచ్చారు. చూశావా, మీ సార్ అడిగిన ప్రశ్నే, కాస్త పెద్ద వేదిక మీద. ఆ రామస్వామి గారే తర్వాత 2012 నుంచి కొన్నేళ్లు హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) కేంద్రానికి అధిపతిగా ఉన్నారు.

సార్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే ముందు నా తప్పొకటి చెప్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో క్లాసులో ఒక అమ్మాయి లేచి, “మిక్స్చర్ డబ్బా కదిపితే పెద్ద వేరుశెనగ గుళ్లు పైకొస్తాయేంటి మేడమ్, బరువైనవి కిందికి పోవాలి కదా?” అంది. అలా జరగదు, నీ భ్రమ, కూర్చో అన్నాను. సాయంత్రం ఇంటికెళ్లి మా పిల్లల మిక్స్చర్ డబ్బా మూత తీసి చూస్తే పైన గుళ్లు, అడుగున కారం, సన్న పొడి. డబ్బా అదిలినప్పుడల్లా పెద్ద గుళ్ల కింద ఏర్పడే సందుల్లోకి సన్న పొడి జారుతుంది, గుండు మళ్లీ కిందికి దిగలేదు. సమతాస్థితిలో నేర్చుకున్న బుద్ధిని అదిలించే డబ్బా మీద ప్రయోగించాను. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. క్లాసులో నలభై మంది ముందు మాట వెనక్కి తీసుకోవాలంటే ఆ వయసులో నాకు అహం అడ్డొచ్చింది.

అందుకే అంటున్నాను, సార్ మాట వెనక్కి తీసుకోవాల్సిన స్థితి రానివ్వకు. ఇద్దరే ఉన్నప్పుడు వెళ్లు. పేపర్ ప్రింటవుట్లతో మొదలుపెట్టకు. అలా పెడితే “ఎవరో రాశారు కాబట్టి మీరు తప్పు” అన్నట్టు వినిపిస్తుంది. ఆయన మాటతోనే మొదలుపెట్టు. “మీరు ఆకర్షణ ఉందేమో చూడమన్నారు కదా సార్, అదే చూశాను. కట్ చేసే దూరం 1.12. ఒక్క కణంతో దిక్కు పరీక్ష చేస్తే 0.37 వచ్చింది. ఇంజన్ ఆపితే గడ్డ కరిగిపోతోంది” అని చెప్పి వీడియో చూపించు. ఇంజన్ ఆపితే కరిగిందంటే సార్ చెప్పిన సూత్రం అక్కడ నిలబడ్డట్టే, ఆయనకీ అది కనిపిస్తుంది. తర్వాత నాలుగు సాంద్రతల గ్రాఫ్ పెట్టు. పేపర్లు ఆయన అడిగితే తియ్యి, అడుగుతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే కంగారు పడకు, రిపోర్టులో ‘అనుమానాలు, పరీక్షలు’ అని ఒక అధ్యాయం రాసి ఆయన అనుమానాన్ని ఆయన పేరుతోనే పెట్టు. ఒకవేళ పరీక్షల్లో నీ కోడ్‌లోనే 2.5 బయటపడితే, అదీ దాచకు. సరిచేసి మళ్లీ నడుపు, నీ అంకెలకి అప్పుడు కూడా గడ్డ కట్టాలి. ఆరు వారాలు సరిపోతాయి.

నాన్నగారికి పక్షుల మాట చెప్పకు. వేల కణాల కోడ్ రాసి, తప్పు ఎక్కడుందో పద్ధతిగా వెతకడం వచ్చని చెప్పు. సాఫ్ట్‌వేర్ వాళ్లు జీతమిచ్చేది ఆ వెతుకులాటకే. పీహెచ్‌డీ చేయాలనుంటే గేట్, జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్షలు రాయి, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏ పరీక్ష అడుగుతున్నారో చూసుకుని అదీ రాయి. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం నేను ఆయనకి మాటివ్వలేను.

ఇంజన్ ఆపే వీడియో ముప్పై సెకన్లకి మించనివ్వకు. గడ్డ కరగడం మొదలయ్యే ముందు రెండు సెకన్లు ఏమీ జరగనట్టు ఉంటుంది, ఆ రెండు సెకన్లూ కత్తిరించకు. సార్ అప్పుడే ముందుకి వంగి చూస్తారు.